రాజమండ్రి ఇంకు పెన్ను: పది రోజులు రాసి చూశాక

ఈసారి ఫోన్ లేదు, యాప్ లేదు, ఛార్జింగ్ పెట్టాల్సిన వస్తువే లేదు. ఇదిగో, ఇంకు పెన్ను. నల్లగా, కాస్త లావుగా ఉంది, పెద్ద మెరుపులేం లేవు. కెమెరాకి దగ్గరగా పెడితే ఒంటి మీద సన్నగా గుండ్రటి గీతలు కనిపిస్తాయి చూడండి. అవి లేతు మిషన్ మీద తిప్పి చెక్కిన గుర్తులు. ఒక మనిషి కూర్చుని చేసిన పెన్ను ఇది. రాజమండ్రిలో చేశారు.

ముందే ఒక మాట. ఇది ఎవరూ పంపిన పెన్ను కాదు, 1,500 రూపాయలు పెట్టి నేనే కొన్నాను. చేసినవాళ్ల పేరు చెప్పట్లేదు. ఎందుకంటే చేత్తో చేసే వస్తువు కదా, నాకొచ్చిన ముక్క ఒకలా ఉంటుంది, మీకొచ్చేది ఇంకోలా ఉండొచ్చు. ఒక్క పెన్ను చూసి ఒక వర్క్‌షాపుకి మార్కులు వేయడం న్యాయం కాదు. నేను చెప్పేది ఈ రకం పెన్నుల గురించి.

చేతిలోకి తీసుకోగానే మొదట తెలిసేది బరువు కాదు, వాసన. అవును, వాసనే! క్యాప్ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే కాస్త కాలిన రబ్బరులా, అగ్గిపుల్లలా ఉంటుంది. నేను చెబితే మా ఇంట్లో నవ్వారు, తర్వాత ఒక్కొక్కరూ వచ్చి వాసన చూసి వెళ్లారు. దానికి కారణం ఉంది. ఈ పెన్ను ప్లాస్టిక్ కాదు, ఎబొనైట్. రబ్బరులో గంధకం బాగా ఎక్కువ మోతాదులో కలిపి వేడి చేస్తే అది సాగడం మానేసి కర్రలా గట్టిపడుతుంది. అదే ఎబొనైట్. ఎబొనీ అనే నల్ల కలపలా ఉంటుందని ఆ పేరు. 1851లో అమెరికాలో నెల్సన్ గుడ్‌ఇయర్ అనే ఆయన దీనికి పేటెంట్ తీసుకున్నాడు. టైర్ల మీద కనిపించే గుడ్‌ఇయర్ పేరు ఈయన అన్న చార్లెస్‌ది. క్లారినెట్ వాయించేవాళ్లు నోట్లో పెట్టుకునే ముక్క కూడా చాలావాటికి ఈ పదార్థంతోనే చేస్తారు.

పట్టుకుంటే స్టీలు పెన్నులా చల్లగా తగలదు. వేలికి వెచ్చగా, మెత్తగా ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ గట్టిది. చెమట పట్టిన చేతిలోంచి జారదు కూడా. మన ఎండల్లో అది చిన్న విషయం కాదు. ఒక్కటే ఇబ్బంది, ఎండలో, తడిలో ఎక్కువ కాలం ఉంచితే నలుపు పోయి ముదురు ఆకుపచ్చ, గోధుమ రంగుల్లోకి తిరుగుతుంది. పాత పెన్నులు అలా రంగు మారినవి చూసే ఉంటారు. కొందరికి ఆ రంగే ఇష్టం, అది వేరే సంగతి.

రాజమండ్రికీ పెన్నుకీ ఏంటి సంబంధం అని ఇరవై ఏళ్ల లోపువాళ్లు అడుగుతారని తెలుసు. కె.వి. రత్నం గారని ఒకాయన ఉండేవారు. వంశపారంపర్యంగా లోహపు పని తెలిసినవారు. ఆయన గాంధీని కలిసినప్పుడు, మామూలు జనానికి పనికొచ్చే స్వదేశీ వస్తువు ఏదైనా చెయ్యమని గాంధీ అన్నారట, ఆ మాట పట్టుకుని ఈయన పెన్ను మీద పడ్డారు అని చెప్పుకుంటారు. 1930ల మొదట్లో పెన్నులు చేయడం మొదలుపెట్టి, ఒకటి గాంధీకి పంపారు. పంపింది జె.సి. కుమారప్ప గారి ద్వారా, ఆయన అప్పుడు వార్ధాలో గ్రామ పరిశ్రమల సంఘం చూస్తున్నారు. 1935 జూలైలో గాంధీ స్వయంగా రత్నం గారికి ఉత్తరం రాశారు, పెన్ను వాడాను, బజార్లో దొరికే విదేశీ పెన్నుల బదులు బాగా పనికొస్తుంది అనే అర్థంతో. 

నాకు ఈ కథలో నచ్చింది గాంధీ పేరు కాదు. అప్పట్లో ఇంకు పెన్ను అంటే ఫారిన్ సరుకు, ఇవాళ చిప్ తయారీ గురించి ఎలా మాట్లాడుకుంటున్నామో అలాంటిది. గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో ఒకాయన దాన్ని విప్పి చూసి, నేనూ చేస్తాను అని కూర్చున్నాడు. అది మాత్రం నాకు గొప్పగా అనిపిస్తుంది. ఆ తర్వాత ఆ ఊళ్లో ఇంకొందరు కూడా ఈ పనిలోకి వచ్చారు. రాజమండ్రి పెన్ను అంటే ఇప్పటికీ దేశం బయట కూడా కొనే పెన్నుల పిచ్చోళ్లు ఉన్నారు. పెన్ను మీద పేరు చెక్కించుకోవడం కూడా అక్కడ ఒక సరదా. నేను చెక్కించుకోలేదు, ఎందుకో చివర్లో చెబుతాను.

సరే, ఇంకు పోద్దాం.

దీంట్లో కార్ట్రిడ్జ్ ఉండదు, పంపు ఉండదు. పెన్ను విప్పి, ఒంట్లోకే ఫిల్లర్‌తో ఇంకు పోసెయ్యడమే. మన నాన్నల కాలంలో స్కూలు పెన్ను ఎలా ఉండేదో అలాగే. పోసేముందు ఒక పని చేశాను, మీరు కొంటే మీరూ చెయ్యండి. ఒక గిన్నెలో మామూలు నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, దాంట్లో పాళీ ముంచి కడగాలి. లేతు మీద చేసిన పెన్నులో నూనె జిడ్డు, చెక్కిన పొడి ఉంటాయి. నాకు మొదటి నీళ్లు కాస్త మసగ్గా వచ్చాయి, మూడోసారికి తేటగా వచ్చాయి. వేడినీళ్లు మాత్రం వద్దు, ఎబొనైట్ రంగు పోతుంది. తర్వాత మరల దగ్గర కొంచెం సిలికాన్ గ్రీజు పూశాను. అది లేకపోతే విప్పి బిగించే చోట నుంచి ఇంకు చెమర్చి వేళ్లకి అంటుతుంది.

ఇంకు మామూలు రాయల్ బ్లూ. ఒక్కసారి నింపితే కార్ట్రిడ్జ్ కంటే రెండు మూడు రెట్లు పడుతుంది. ఈ పది రోజుల్లో దాదాపు 60 పేజీలు రాశాను, ఇంకా అయిపోలేదు. ఒక హెచ్చరిక. ఆర్ట్ షాపుల్లో ఇండియన్ ఇంక్ అని ఒక నల్ల సిరా దొరుకుతుంది, పేరు చూసి మనదే కదా అని పోసేయకండి. అది బొమ్మలు గీసుకునేది. దాంట్లో లక్క ఉంటుంది, ఎండితే పెన్ను లోపల రాయిలా పట్టేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, ఇది ఎలా రాస్తుంది? అంటే ముందు లోపల ఏం జరుగుతుందో చెప్పాలి. ఇంట్లో ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ బోర్లించి పెడతారు కదా. నీళ్లు అన్నీ ఒకేసారి ఎందుకు పడిపోవు? కొన్ని నీళ్లు కిందికి దిగితే ఆ చోటుకి గాలి పైకి వెళ్లాలి, అందుకే గుడగుడమని బుడగలు వస్తాయి. ఇంకు పెన్ను కూడా అంతే. పాళీ కింద గాళ్లు గాళ్లుగా ఒక నల్ల ముక్క ఉంటుంది, దాన్ని ఫీడ్ అంటారు. దాని సన్నటి కాలవలో ఇంకు కిందికి, గాలి పైకి. అక్కడి నుంచి పాళీ మధ్యలో ఉన్న చీలికలోకి ఇంకు తనంతట తనే పాకుతుంది, కిరసనాయిలు దీపం వత్తిలో పైకి పాకినట్టు. కాగితం తగలగానే కాగితం దాన్ని లాక్కుంటుంది. మనం నొక్కాల్సిన పనే లేదు.

బాల్ పెన్నులో అలా కాదు. దాంట్లో ఇంకు పేస్టులా చిక్కగా ఉంటుంది. చివర గోళీ తిరిగితేనే కాగితానికి అంటుతుంది. గోళీ తిరగాలంటే నొక్కాలి. చిన్నప్పటి నుంచి బాల్ పెన్నుతో రాసిన మనందరి చేతికీ నొక్కడం అలవాటైపోయింది. ఒక నోట్‌బుక్ పేజీ వెనక్కి తిప్పి వేలితో తడమండి, అక్షరాలు ఉబ్బెత్తుగా తగులుతాయి. అదంతా మన బొటనవేలు పెట్టిన ఖర్చు.

మొదటి రోజు నేను ఈ పెన్నుతో తెలుగు రాయడం మొదలుపెట్టాను. ఇక్కడ నాకు ఊహించనిది ఒకటి కనిపించింది. ఇంగ్లిష్ వెన్నలా జారింది, తెలుగు మాత్రం గరగరమంది. అదే పాళీ, అదే కాగితం. ఎందుకా అని నెమ్మదిగా రాసి చూస్తే దొరికింది, తలకట్టు! ఇంగ్లిష్‌లో గీతలు ఎక్కువ పైనుంచి కిందికి లాగుతాం. లాగేటప్పుడు పాళీ సుఖంగా జారుతుంది. మన తలకట్టు ఎలా పెడతాం? కింద మొదలుపెట్టి కుడివైపు పైకి తోస్తాం. పాళీ కాగితంలోకి గుచ్చుకునే దిక్కు అది. ప్రతి రెండో అక్షరానికీ ఒక తలకట్టు, ప్రతి తలకట్టుకీ ఒక గీరు. 

ఇంకు పెన్నుల రివ్యూలు యూట్యూబ్‌లో వందలున్నాయి, దాదాపు అన్నీ ఇంగ్లిష్ రాసి చూపించేవే. అవి చూసి ఈ పాళీ చాలా స్మూత్ అని మనం కొనేస్తే లాభం లేదు. షాపుకి వెళ్తే మీ సంతకం పెట్టి చూడకండి, "కలకత్తా" అని పది సార్లు రాసి చూడండి. దాంట్లో రెండు క లకీ తలకట్టు ఉంది. పాళీ సంగతి అక్కడే బయటపడుతుంది.

గరగరకి ఒక కారణం పాళీ చివర ఉండే రెండు మొనలు సమానంగా లేకపోవడం కూడా కావచ్చు. అది మీ ఫోన్‌తోనే చూసుకోవచ్చు. కెమెరా మ్యాక్రోలో పెట్టి పాళీని ఎదురుగా పట్టుకుని జూమ్ చెయ్యండి, ఒక మొన పైకి, ఒకటి కిందికి ఉంటే స్పష్టంగా తెలుస్తుంది. నాది వెంట్రుకవాసి తేడాగా ఉంది. పైకి లేచిన మొనని గోటితో మెల్లగా, చాలా మెల్లగా కిందికి నాలుగైదుసార్లు అదిమాను. సగం గరగర పోయింది. మిగతా సగం పెన్నుని ఇంకొంచెం వాల్చి పట్టుకుంటే పోయింది. బాల్ పెన్నుని నిటారుగా పడతాం, దీన్ని అలా పడితే ఒప్పుకోదు.

ఇక పాళీ మందం. నేను తీసుకున్నది మీడియం. గీత నిండుగా, తడిగా, చూడముచ్చటగా పడుతుంది. శుభలేఖ మీద పేరు రాయడానికి అద్భుతం. కానీ చిన్న అక్షరాలు రాస్తే ద కీ ధ కీ, ప కీ ఫ కీ తేడా చూపించే ఆ చిన్న గీత మునిగిపోతుంది. ఝ, ఘ లాంటివాటిలో సందులు మూసుకుపోతాయి. కాగితం పల్చగా ఉంటే మరీను. జిరాక్స్ పేపరు మీద ఇంకు నూలుపోగుల్లా పక్కలకి పాకింది, వెనక పేజీలోకి కూడా దిగింది. మంచి నున్నటి లాంగ్‌బుక్ మీద ఆ గొడవ లేదు. కాబట్టి తెలుగు రాయడానికి కొనేవాళ్లు కళ్లు మూసుకుని ఫైన్ పాళీ అడగండి. గీత అందం కాస్త తగ్గుతుంది, అక్షరం మాత్రం మిగులుతుంది.

ఈ పెన్ను నేను సరదాకి కొనలేదు. మా చెల్లి గ్రూప్-1 మెయిన్స్‌కి ప్రిపేర్ అవుతోంది. ఒక్కో పేపరు మూడు గంటలు, రోజుల తరబడి వరసగా రాయాలి. రెండు నెలలుగా తనకి బొటనవేలు మొదట్లో నొప్పి. గంటన్నర దాటితే అక్షరం కుప్పకూలిపోతుంది. డాక్టరు చూసి, పట్టు వదులు చేసుకో, నొక్కి రాయకు అన్నారు. చెప్పడం సులువే, పదిహేనేళ్ల అలవాటు ఎలా పోతుంది? ఇంకు పెన్ను అయితే నొక్కాల్సిన పని లేదు కదా అని తనే అడిగింది, ముందు నువ్వు కొని చూడరా అన్నయ్యా, పని చేస్తే నేను మారతాను అని. 

అయిదో రోజు తన చేతికిచ్చాను. టైమర్ పెట్టుకుని రెండు గంటలు రాసింది. మొదటి పావుగంట తిట్టుకుంటూనే రాసింది. పాత అలవాటు కొద్దీ నొక్కితే పాళీ మొనలు విచ్చుకుని గీత లావైపోతోంది. అది చూసి తనే చెయ్యి తేలిక చేసుకుంది. ఇక్కడే నాకు అర్థమైంది, పెన్ను నొప్పి తగ్గించదు, నొక్కినప్పుడల్లా కళ్ల ముందు పట్టిస్తుంది. బాల్ పెన్ను ఎంత నొక్కినా కిమ్మనదు, అదే దానితో వచ్చిన చిక్కు. రెండు గంటలయ్యాక వేలు నొప్పి లేదా అంటే ఉంది, కానీ మొదలైంది గంటన్నరకి కాదు, చివరి పది నిమిషాల్లో అంది.

అయితే పరీక్షకి దీన్నే తీసుకెళ్తావా అంటే వద్దంది. తను చెప్పిన కారణాలు నా దగ్గర జవాబు లేనివి. క్యాప్ తియ్యాలంటే మూడు చుట్లు తిప్పాలి. ఆన్సర్ బుక్‌లెట్ కాగితం ఎలాంటిది వస్తుందో ముందు తెలియదు, వెనక పేజీలోకి దిగితే దిద్దేవాళ్లకి చిరాకు. రాయల్ బ్లూ నీళ్లు తగిలితే కరిగిపోతుంది, చెమట చెయ్యి ఆనినా అలుక్కుపోతుంది. పైగా హాల్ టికెట్ మీద ఏ పెన్ను వాడాలో రూలు ఉంటే అదే ఫైనల్. ఓఎంఆర్ పరీక్షలకైతే చాలావాటికి బాల్ పెన్నే అని స్పష్టంగా ఉంటుంది, అక్కడ ఈ చర్చే లేదు.

చివరికి తను చేసుకున్న ఏర్పాటు ఇది. ఇంట్లో నోట్స్ అంతా ఇంకు పెన్నుతో, చెయ్యి తేలికపడేదాకా. టెస్టులు మాత్రం జెల్ పెన్నుతో. జెల్ ఇంకు పల్చన, బాల్ పెన్నంత నొక్కక్కర్లేదు. నాకైతే ఇది సగం దారిలో ఆగినట్టు అనిపించింది, ఫైన్ పాళీతో, నీళ్లకి కరగని ఇంకుతో ఇంకా ట్రై చెయ్యొచ్చు అన్నాను. పరీక్ష నీకు కాదు నాకు అంది. నిజమే కదా. మీలో ఎవరికైనా చెయ్యి నొప్పి ఉంటే పెన్ను మార్చేముందు ఒక్కసారి డాక్టరుకి చూపించండి, వీడియో చూసి వైద్యం చేసుకోకండి. పరీక్షకి రెండు మూడు నెలల టైమ్ లేకపోతే పెన్ను జోలికే వెళ్లకండి.

ఇక కక్కడం గురించి. ఇంకు పెన్ను అనగానే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మొదటి మాట, జేబు మీద నీలం మచ్చ. అది కట్టుకథ కాదు, కానీ దానికో లెక్క ఉంది. పెన్ను నిండుగా ఉంటే లోపల గాలి తక్కువ. ఇంకు తగ్గే కొద్దీ గాలి పెరుగుతుంది. మన చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకుని బయటికి తోస్తుంది, టప్పున ఒక చుక్క రాలుతుంది. అందుకే మూడో వంతు మిగలగానే మళ్లీ నింపెయ్యాలి, పూర్తిగా అయ్యేదాకా ఆగకూడదు. నాకు ఎనిమిదో రోజు మధ్యాహ్నం, కరెంటు పోయి గది ఉడికిపోతున్నప్పుడు, ఒక చుక్క పడింది. పక్కనే ఉన్న మా నాన్న చాక్‌పీసు ముక్క ఏదైనా ఉందా అని వెతికారు. వాళ్ల క్లాసులో చుక్క పడితే చాక్‌పీసు ఆనించి పీల్చేవాళ్లట. చాక్‌పీసు దొరకలేదు, టిష్యూతో కానిచ్చాం. బైకు మీద వెళ్లేవాళ్లు జేబులో పెట్టుకుంటే పాళీ పైకి ఉండేలా నిలువుగా పెట్టండి. బ్యాగులో అడ్డంగా పడేసి గతుకుల రోడ్డు మీద వెళ్తే క్యాప్ లోపల ఇంకు చేరుతుంది, క్యాప్ తియ్యగానే వేళ్లు నీలం.

మరి 1,500 పెట్టాలా? మొదటిసారి అయితే వద్దు. స్టేషనరీ షాపులో వందా రెండు వందలకి దొరికే కార్ట్రిడ్జ్ పెన్ను ఒకటి కొనుక్కోండి, నెల రోజులు రాయండి. ఆ నెలలో అది డ్రాయర్లో పడి ఎండిపోతే మీకు 1,300 మిగిలినట్టే. ఎండిపోకుండా వాడారంటే అప్పుడు ఇలాంటి దాని గురించి ఆలోచించండి. వీలైతే రాజమండ్రి వెళ్లి కొనండి. ఆన్‌లైన్లో కొంటే పాళీ మీ చేతికి సరిపడిందో లేదో చూసే అవకాశం ఉండదు. ఎదురుగా కూర్చుంటే మీరు రాసే తీరు చూసి అక్కడికక్కడే పాళీ సర్దేవాళ్లు ఇంకా ఉన్నారు. 1,500లో నేను దేనికి ఎక్కువ డబ్బు ఇచ్చానంటే దానికే.

పేరు ఎందుకు చెక్కించుకోలేదో చెబుతానన్నాను కదా. ఈ పెన్ను ప్రస్తుతం నా దగ్గర లేదు, వీడియో కోసం అడిగి తెచ్చాను. మా చెల్లి టేబుల్ మీద ఉంటోంది. మెయిన్స్ అయ్యేదాకా తిరిగి వచ్చే సూచనలు లేవు. అప్పటికి ఎవరి పేరు చెక్కించాలో తేలుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకుల సంగతి చూద్దాం. నీళ్లు పోసినా చెరగని ఇంకు మన దగ్గర ఏవి దొరుకుతాయో, అవి ఎబొనైట్ పెన్నులో పోస్తే ఏమవుతుందో, రెండు సీసాలు తెచ్చి పెట్టాను. ఉంటాను మరి.